చిరుత విరిచిన గోరు

ఎలుగుబంటి ఎల్లమందకు ఒక సుగుణం ఉంది. తన గొప్పతనం చెప్పే శ్రమ ఎదుటివాళ్ళకు పెట్టడు, తనే చెప్పుకుంటాడు. పరాయివాళ్ళు పొగిడితే కొలత తప్పుతుంది, కొందరు తక్కువ పొగిడి ఊరుకుంటారు. సొంతంగా పొగుడుకుంటే ఆ బెంగ లేదు. ఇది పరోపకారం కిందికే వస్తుందని అతని నమ్మకం. కాదు, సొంత డబ్బా కిందికి వస్తుందని అనేది ఒక్కరే, అతని భార్య నాంచారమ్మ.

అతను చేసేది ఇప్పబిళ్ళలు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రాలిన ఇప్పపువ్వు ఏరి, బండమీద ఆరబెట్టి, సారపప్పు వేసి దంచి, తేనె పోసి, బిళ్ళలు తట్టి, ఒక్కోదాని మీద కుడిచేతి గోళ్ళతో మూడు గాట్లు పెడతాడు. మొదటి ఏడాది చేసిన బిళ్ళల చుట్టూ చీమలు ఒకసారి తిరిగి చూసి వెళ్ళిపోయాయి. ఐదో ఏటికి అడవిలో మూడు గాట్ల బిళ్ళ లేకుండా ఏ ఇంట్లోనూ పొద్దు గడవడం లేదు.

ఆ మూడు గాట్లలో మధ్యది పొట్టి. ఎల్లమంద మధ్యగోరు సగానికి విరిగి ఉంటుంది మరి. ఎలా విరిగిందని ఎవరైనా అడిగితే బిళ్ళలు తట్టడం ఆపేసేవాడు. అడక్కపోయినా ఆపేసేవాడు.

"చిరుత," అనేవాడు. "మూడేళ్ళ కిందట, వాగు మలుపులో. మూడు పట్లు పట్టాం. మొదటి పట్టు దానిది, రెండోది నాది. మూడో పట్టులో దాని దవడలో చెయ్యి పెట్టి ఇట్లా తిప్పానా, గోరు అక్కడే ఉండిపోయింది. ఇప్పటికీ ఆవులిస్తే దానికి నొప్పి పుడుతుందట!"

పక్కన పువ్వు ఏరుతున్న నాంచారమ్మ ముక్కుతో ఒక చప్పుడు చేసేది. అంతకు మించి ఏమీ అనేది కాదు. ఆ గోరు విరిగిన రోజున అక్కడున్నది ఆమె ఒక్కతే.

ఆ అడవిలో సంత అంటే పుట్టసంత. అక్కడ అమ్మేవాడు కూర్చోడు, కొనేవాడు రాడు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. సరుకు తెచ్చి పుట్ట కింది అరల్లో పెట్టేయడమే. కావలసినవాళ్ళు తమ ఇంటి దగ్గరి కన్నంలో నోరు పెట్టి అడిగితే మాట మట్టిలోంచి పుట్టకు పోతుంది, ఉడతలు సరుకు మోసుకొచ్చి గుమ్మంలో పడేస్తాయి. బదులుగా దుంపో, కాయో, ఎండుచేపో ఇవ్వాలి. సరుకు నచ్చితే ఒక గులకరాయి కూడా పంపొచ్చు. ఎల్లమంద పేరు మీద పుట్ట పక్కన నాలుగువందల గులకరాళ్ళ గుట్ట ఉంది. రోజూ పొద్దున్నే వెళ్ళి దాన్ని ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూసి వచ్చేవాడు.

సంతను నడిపేది చెదపురుగులు. వాటికి కళ్ళుండవు, అన్నీ తడిమి తెలుసుకుంటాయి. తాతల కాలంలో ఎలుగులు పుట్టలు తవ్వి చెదల్ని తినేవి. సంత మొదలైనప్పుడు ఇక తవ్వబోమని ఒట్టేసి చేరాయి. "మా తాత పుట్టను తిన్నాడు, నేను పుట్ట పెట్టింది తింటున్నాను. అభివృద్ధి అంటే ఇదే," అనేవాడు ఎల్లమంద.

ఆ ఏడు ఇప్పపువ్వు విరగరాలింది. నూట ఇరవై బిళ్ళలు అరలో పెట్టాడు. తొలకరి లోపు అవి పోతే, బదులుగా వచ్చే దుంపలతో నాంచారమ్మా ఇద్దరు పిల్లలూ వానాకాలం నాలుగు నెలలు గుహలో కడుపు నింపుకుంటారు. పోకపోతే లేదు. తొలకరి పడ్డ సాయంత్రం చెదలకు రెక్కలొస్తాయి, ఉసిళ్ళై ఎగిరిపోతాయి. పుట్టసంత మళ్ళీ తెరిచేది ఎండలు ముదిరాకే.

నైరుతి మూల తొలి మబ్బు తునక కనిపించిన రోజున ఉడత ఒగరుస్తూ వచ్చింది.

"ఎల్లమందన్నా, నీ అరకు రేగుకంప కొట్టారు!"

"ఎవరు?"

"పుట్టవాళ్ళే. నీ గులకరాళ్ళు కూడా తీసేశారు."

ఎల్లమందకు మొదట కంప మాట వినిపించలేదు. గులకరాళ్ళ మాటే వినిపించింది. పరుగెత్తాడు.

అర ముందు నిజంగానే రేగుకంప. గుట్ట ఉన్నచోట నేల నున్నగా ఉంది. కన్నంలో నోరు పెట్టి, "అయ్యా, నేనేం చేశాను?" అన్నాడు.

"నమస్కారం, ఎలుగుబంటిగారూ," అని లోపలినుంచి సన్నటి గొంతు. "మీ బాధ మాకు అర్థమైంది. మీ సరుకు మీదున్న గుర్తు మీది కాదని ఫిర్యాదు వచ్చింది."

"మరి ఎవరిదట?"

"ఫిర్యాదు చేసినవారిది."

"ఫిర్యాదు ఎవరు చేశారు?"

"గుర్తు గలవారు. మీ సహనానికి కృతజ్ఞతలు."

"అయ్యా, అయ్యా, ఉండండి! ఆ గాట్లు నా చేతివి!"

లోపల గొంతు మారింది. "నమస్కారం, ఎలుగుబంటిగారూ. మీ బాధ మాకు అర్థమైంది. ఏమిటి మీ బాధ?"

మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. చెప్పడం అయ్యేసరికి గొంతు మళ్ళీ మారింది. నాలుగో గొంతు దగ్గర తెలిసిందేమిటంటే, పుట్టలో గుర్తుల గోడ అని ఒకటి ఉంది. తడిమట్టి మీద ఎవరు ముందు గుర్తు పెడితే గుర్తు వాళ్ళది. మూడు గాట్లు, మధ్యది పొట్టి, ఆ గుర్తు గోడకెక్కి ఇరవై రోజులైంది. ఎక్కించినవాడు నక్క కోటిలింగం.

గోడ సంగతి ఎల్లమందకు ఎప్పుడో ఉడత చెప్పింది. "అడవంతా ఎరిగిన చెయ్యికి గోడెందుకోయ్?" అని అప్పుడు నవ్వాడు.

"నా చెయ్యి తడిమి చూడండి," అని విరిగిన గోరు కన్నంలో పెట్టాడు.

"చేతులు తడమం. గోడ తడుముతాం. గుర్తు కోసం గోరు విరగ్గొట్టుకున్నవాళ్ళను కూడా ఎరుగుదుం."

అరలోని బిళ్ళలైనా ఇవ్వమంటే, వివాదంలో ఉన్న సరుకు కదపకూడదన్నారు. అరకు కాపలా పందికొక్కులు. కాపలా కూలి కింద రోజుకు నాలుగు బిళ్ళలు అవి తింటాయట. వివాదంలో ఉన్న సరుకును తినడానికి మాత్రం అభ్యంతరం లేదు.

ఇంటికి వస్తుంటే దారిలో చీమలు గుడ్లు మోసుకుంటూ గట్టెక్కుతున్నాయి. ఎల్లమంద వాటిని చూడనట్టు నడిచాడు.

గుహ ముందు కోటిలింగం కూర్చుని ఉన్నాడు, చుట్టం చూపుగా వచ్చినట్టు.

"బావా, ఏంటి అలా చిక్కిపోయావు?"

"నా గుర్తు ఎత్తుకుపోయి మళ్ళీ పరామర్శకు వచ్చావా?"

"ఎత్తుకుపోవడమేంటి బావా, ఖాళీగా ఉన్న గోడ మీద గీశాను. నువ్వు గీసి ఉంటే నాకు చోటెక్కడిది? పోనీ, అయినవాళ్ళం, తగువెందుకు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా. నువ్వు పువ్వు ఏరే ఆ ఇప్పతోపు నా పేర పెట్టు. బిళ్ళలు నువ్వే చెయ్యి, నీ చెయ్యి నాకు రాదుగా. పేరు మాత్రం నాది."

"అంటే నా బిళ్ళలకు నేను కూలివాణ్ణా?"

"కూలివాడివని నేనన్నానా? మా బావవి. మబ్బు చూసి చెప్పు బావా, నాకేం తొందర లేదు." తోక దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఎల్లమందకు ఆ పూట ముద్ద దిగలేదు. అడ్డమైనవాళ్ళనీ సలహా అడిగాడు. అందరూ ఒకటే చెప్పారు: విన్నపాలంటే చిలుక శారదాంబే.

శారదాంబ నేరేడు కొమ్మ మీద కూర్చుని విన్నపాలు చెబుతుంది. కంప పడ్డవాళ్ళంతా ఆమె దగ్గరికే వస్తారు. జామపండు ముందు పెట్టాలి.

"నాయనా, పుట్టతో ఎదురు మాట్లాడకూడదు. విన్నపానికి మూడు ముక్కలుంటాయి. తప్పు ఎందుకు చేశావు, ఎలా దిద్దుకున్నావు, మళ్ళీ చేయకుండా ఏం చేస్తావు."

"శారదాంబగారూ, నేను తప్పు చేయలేదండీ."

"అది నాలుగో ముక్క. దానికి చోటు లేదు."

"చేయని తప్పు ఒప్పుకుంటే మెడకు చుట్టుకోదా?"

"ఎంతమందికి చెప్పాను! నిన్న కుందేలుకు చెప్పాను."

"కంప తీశారా?"

"విన్నపం అద్భుతంగా కుదిరింది," అంది చిలుక.

మబ్బు తునక అప్పటికి గొడుగంత అయింది. ఎల్లమంద జామపండు పెట్టాడు. శారదాంబ కన్నం దగ్గర వాలి గుక్క తిప్పుకోకుండా చదివింది: "నా అజ్ఞానం వల్ల పరుల గుర్తు వాడితిని. సిగ్గుపడుచున్నాను. ఇకపై గోళ్ళు కత్తిరించుకొని బిళ్ళలు తట్టెదను."

వింటూ ఎల్లమంద చేతులు వెనక దాచుకున్నాడు.

జవాబు మర్నాటికే వచ్చింది. ఇంత తొందరగా పుట్ట ఎప్పుడూ మాట్లాడలేదు. "నమస్కారం, ఎలుగుబంటిగారూ. తప్పు ఒప్పుకున్నందుకు సంతోషం. ఒప్పుకున్నారు గనుక కంప శాశ్వతం. మీ సహనానికి కృతజ్ఞతలు."

చిలుక రెక్కలు సర్దుకుంది. "భాషలో మాత్రం లోపం లేదు, నాయనా."

కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చి చెప్పాడు. నాంచారమ్మ పువ్వు చేట కింద పెట్టింది.

"ఏమయ్యా, చేయని తప్పు ఒప్పుకోవడానికి జామపండు పెట్టావా? చేసినదాన్ని ఒప్పుకోవడానికి మాత్రం మూడేళ్ళుగా నోరు రాదు నీకు."

"నేనేం చేశాను?"

"మద్దిచెట్టు."

ఎల్లమంద అటూ ఇటూ చూశాడు. పిల్లలిద్దరూ దూరంగా మట్టిలో దొర్లుతున్నారు. "మెల్లగా అనవే నాంచారీ."

"ఆ చెట్టు మొదలంతా నీ గాట్లే. పైనుంచి కిందిదాకా మూడు చాళ్ళు, మధ్యది సగంలో ఆగిపోయింది. విరిగిన గోరు బెరడులోనే ఉంది. నక్క గీసింది ఇరవై రోజుల కిందట, నువ్వు జారింది మూడేళ్ళ కిందట. వెళ్ళి ఆ చెట్టు చూపించు."

"చెట్టు చూపిస్తే చిరుత పోతుందే!"

"ఏ చిరుత?"

"అదే... నా చిరుత."

"వానాకాలంలో పిల్లలకు చిరుతను వండిపెట్టనా?"

ఎల్లమంద లెక్క వేసుకున్నాడు. నాలుగువందల గులకరాళ్ళు పోయాయి, బిళ్ళలు రోజుకు నాలుగు పోతున్నాయి, ఇక మిగిలింది ఆ ఒక్క కథ. అదీ పోతే అడవిలో తాను తేనె కోసం ఎక్కి జారిపడ్డ ఎలుగు. చిన్నపిల్లలు కూడా జారని చెట్టు అది. ఆ పూటా, మరుసటి పూటా వాయిదా వేశాడు. మూడో రోజుకు నెమళ్ళు అరవడం మొదలుపెట్టాయి. చిన్నపిల్ల వచ్చి, "నాన్నా, వానొస్తే దుంపలు వస్తాయి కదా?" అని అడిగింది. ఎల్లమంద లేచి నడిచాడు.

పుట్ట దగ్గర మళ్ళీ అదే పాట. "నమస్కారం, ఎలుగుబంటిగారూ. మీ బాధ మాకు అర్థమైంది. శాశ్వతమైన కంపకు ముఖాముఖి లేదు."

వెనకే వచ్చిన నాంచారమ్మ భర్తను పక్కకు నెట్టింది. కన్నానికి మూతి ఆనించింది. తిట్టలేదు, అరవలేదు. ఊపిరి ఒక్కసారి లోపలికి పీల్చింది. తాతల కాలంలో ఎలుగులు చెదల్ని తినేది సరిగ్గా అలాగే.

పుట్టలో ఏదో గలగలమంది.

"ముఖాముఖి మంజూరు," అంది ఒక గొంతు. ఈసారి నమస్కారం కూడా చెప్పలేదు.

"ఒట్టు వేశాం కదే!" అన్నాడు ఎల్లమంద కంగారుగా.

"తవ్వనని వేశాం. ఊపిరి తీయనని వేయలేదు."

మర్నాడు పొద్దెక్కేసరికి పుట్ట చుట్టూ అడవి సగం చేరింది. కంపలు పడ్డవాళ్ళు ముందు వరసలో. శారదాంబ కొమ్మ మీద. ఎండుచేపల కోసం వచ్చిన చిరుత కూడా అవతలి బండ మీద కళ్ళు మూసుకుని పడుకుంది. దాన్ని చూడగానే ఎల్లమంద నాంచారమ్మ వెనక్కి జరిగాడు. ఆకాశం నల్లగా దిగింది, గాలి ఆగిపోయింది.

"గుర్తు పుట్టుక చెప్పండి," అంది పుట్ట. "మధ్య గాటు ఎందుకు పొట్టి? ఫిర్యాదు చేసినవారు ముందు."

కోటిలింగం ముందుకొచ్చాడు. దీనికి ముందే సిద్ధంగా ఉన్నాడు. మధ్య గాటు గురించి అడిగితే ఏం చెప్పాలో అతను వెతుక్కోనక్కర్లేదు. మూడేళ్ళుగా అడవంతా విన్నదే. బండ మీద ఎవరున్నదీ మాత్రం చూసుకోలేదు.

"ఏం చెప్పమంటారు," అన్నాడు గొంతు సవరించుకుని. "చిరుతతో పోట్లాట. మూడేళ్ళ కిందట, వాగు మలుపులో. మూడు పట్లు పట్టాం. మొదటిది దానిది, రెండోది నాది. మూడో పట్టులో దాని దవడలో చెయ్యి పెట్టాను, గోరు అక్కడే ఉండిపోయింది. ఆ గుర్తే ఇది. తర్వాత గోరు మళ్ళీ పెరిగింది, మాది గట్టి ఒళ్ళు."

ఎల్లమంద నోరు తెరుచుకుని విన్నాడు. గుర్తు పోయినప్పుడు కూడా ఇంత మండలేదు.

"తిప్పడం ఏదిరా?" అని అరిచాడు. "దవడలో చెయ్యి పెట్టి ఇట్లా తిప్పాలి! అసలు పట్టే వదిలేశావు!"

నాంచారమ్మ గట్టిగా గిల్లింది. ఎల్లమంద నోరు మూసుకున్నాడు. అప్పుడు, గిల్లిన చోటు మండుతుండగా, అతనికి మెల్లగా తట్టింది. నక్క మొహం చూశాడు, బండ మీది చిరుతను చూశాడు, పిల్లల్ని చూశాడు.

"ఎలుగుబంటిగారూ, మీరు చెప్పండి."

"అయ్యా," అన్నాడు ఎల్లమంద. విరిగిన గోరు ఒకసారి చూసుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "అయ్యా, ఆ కథ నాదే. పూర్తిగా నా సొంతం. ఎందుకంటే అది అసలు జరగలేదు."

బండ మీద చిరుత ఒక కన్ను తెరిచింది.

"నేను చిరుతతో పోట్లాడలేదు. దూరంనుంచి చూసినా పక్కకు తప్పుకుంటాను. మద్దిచెట్టెక్కి తేనెపట్టు మీద చెయ్యేశాను, తేనెటీగలు ముక్కు మీద కుట్టాయి, జారాను. గోళ్ళు బెరడులో దించి ఆగుదామనుకున్నాను. ఆగలేదు. మధ్యగోరు విరిగి అక్కడే ఉండిపోయింది. నేను కిందికి వచ్చేశాను. వాగు మలుపు అవతల పెద్ద మద్ది. తడిమి చూడండి."

పుట్టలోంచి మాట మట్టిలోకి వెళ్ళింది. ఆ మద్దిచెట్టు మొదలు నిండా చెదలు ఎప్పుడో మట్టిగూళ్ళు కట్టుకున్నాయి. ఎక్కడ పగులుంటే అక్కడ మట్టి నింపడం వాటి అలవాటు. దూరంగా ఒక ఉరుము వినిపించింది. ఎల్లమంద లోలోపల లెక్కపెట్టుకుంటున్నాడు, వాన ఎన్ని అంగల దూరంలో ఉందోనని.

జవాబు వచ్చింది.

"ఉన్నాయి. మూడు చాళ్ళు, మధ్యది పొట్టి. మావాళ్ళు వాటిలో మట్టి నింపారు, మట్టి మీద మూడు వానల పొరలున్నాయి. మధ్య చాలు చివర గోరు ముక్క ఉంది. పుట్టమన్ను ఎక్కిన ప్రతిదీ గోడే. కాబట్టి గోడ మీద ముందున్నది ఎలుగుబంటి గుర్తు." కాస్త ఆగి, అడగని ముక్క కూడా కలిపింది: "చాళ్ళ పొడవు ఇరవై రెండు మూరలు. చెట్టు కింద నేలలో ఒక గుంట ఉంది. కూర్చున్న ఎలుగుబంటి కొలతకు సరిపోయింది."

అడవి పగలబడి నవ్వింది. ఎల్లమంద తల దించుకున్నాడు. నవ్వు మధ్యలోనే రేగుకంప లాగేస్తున్న చప్పుడు కూడా విన్నాడు.

"చిన్న పొరపాటు, పుట్టవారూ," అని కోటిలింగం వెనక్కి అడుగులు వేశాడు. "నా చిరుత వేరు, నా గోరు వేరు..."

"ఏ చిరుత?" అంది బండ మీదినుంచి ఒక గొంతు.

చిరుత లేచి నిలబడింది. తీరిగ్గా, దవడ సాంతం తెరిచి ఆవులించింది. ఎక్కడా నొప్పి ఉన్నట్టు లేదు.

"ఎలుగు చెప్పుకుంటుంటే మూడేళ్ళు ఊరుకున్నాను. దాని ఒళ్ళు చూసి నలుగురు నమ్మినా నాకు తలవంపులు లేవు. నక్క నా దవడలో చెయ్యి పెట్టిందంటే నేను ఏ మొహంతో తిరగాలి? రా కోటిలింగం. ఆ మూడో పట్టు ఇప్పుడు పడదాం. తిప్పడం కూడా చేద్దువుగాని."

కోటిలింగం వాగువైపు పరుగెత్తిన పరుగు చూసినవాళ్ళు, నాలుగు కాళ్ళూ నేలకు ఆనలేదని చెబుతారు. వాగు దాటినవాడు మళ్ళీ ఇటు రాలేదు. అవతలి అడవిలో ఇప్పబిళ్ళలు తట్టాడట. చీమలు చుట్టూ ఒకసారి తిరిగి చూసి వెళ్ళిపోయాయట.

ఎల్లమంద ముందు చేసిన పని, తడిమట్టి ఉన్న గోడ దగ్గరికి వెళ్ళి మూడు గోళ్ళూ దించడం. ఉడతలు తోకలు పైకెత్తి పరుగులు తీశాయి. పందికొక్కులు తిన్నవి తినగా, బూజు పట్టినవి తీసేయగా, మిగిలిన బిళ్ళలన్నీ చినుకు పడేలోపు ఇళ్ళకు చేరాయి. దుంపలు గుహకు చేరాయి, మూడు నెలలకు నిండుగా, నాలుగో నెలకు కొంచెం బిగబట్టుకుంటే సరిపోయేలా. గులకరాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. తీసినవి మళ్ళీ పెట్టే పద్ధతి లేదట. ఆయన సహనానికి కృతజ్ఞతలట. తొలి చినుకుకు పుట్ట తెరుచుకుని ఉసిళ్ళు ఆకాశానికి లేస్తుంటే, నాంచారమ్మ వాటిని చూసి గుటక మింగింది. ఒట్టు ఒట్టే అనుకుని మొహం తిప్పుకుంది.

గుర్తును ఎవడైనా ఎత్తుకుపోగలడు గాని, ఆ గుర్తు పడటానికి తగిలిన దెబ్బను ఎవడూ ఎత్తుకుపోలేడు.

నిజం చెప్పి నెగ్గాడు గదా, ఇకనైనా ఎల్లమంద కోతలు మానాడా అంటే, మానలేదు. చిరుత ఊసు ఎత్తడం లేదు, అంతవరకే. వచ్చిన ఎండాకాలానికి ఇరవై రెండు మూరల చెట్టు నలభై మూరలైంది, తేనెటీగలు పిడికిలంత అయ్యాయి. ఉన్నది ఉన్నంతే చెప్పడం అతనికి ఇంకా రాలేదు.